విప్పని వరుస

సూరమ్మ చేతులు అక్షరాల కేసు మీద ఉన్నాయి, కళ్ళు మాత్రం వీధి గుమ్మం మీద ఉన్నాయి.

ఎడమచేతిలో అరచెయ్యంత ఇనప స్టిక్కు, అక్షరాలు వరుసగా పేర్చుకునే పళ్ళెం. కుడిచేతి మూడు వేళ్ళు కేసు గడుల్లోకి వెళ్ళి, ఒక్కో సీసపు అక్షరాన్నీ ఏరుకొచ్చి స్టిక్కులో తలకిందులుగా నిలబెడుతున్నాయి. ఎడమ బొటనవేలు వాటిని ఒరగకుండా అదిమి పడుతోంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా అదే పని చేసి ఆ వేలి చివర కాయ కాచింది, గోరు ఒక పక్కకి వాలిపోయింది. నాలుగు వందల పైచిలుకు గడుల్లో ఏ అక్షరం ఎక్కడుందో వేళ్ళకి తెలుసు గనక కళ్ళకి పని లేదు. మామూలు రోజుల్లో ఆ తీరిక ఆమెకి హాయిగా ఉండేది. ఇవాళ సందులో ఆటో చప్పుడైతే చాలు, వేళ్ళు ఆగిపోతున్నాయి.

పాత సీసం కొనే పల్లంరాజు సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. వచ్చి ప్రెస్సులో ఉన్న అక్షరాలన్నీ గోనెసంచుల్లో నింపుకుని పోతాడు. నాలుగంటే నాలుగింటికే వస్తాడా? ముందే వస్తే? సూరమ్మ పొద్దుటి నుంచి గోడ గడియారాన్ని నమ్మడం లేదు. రెండుసార్లు లేచి వెళ్ళి ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టులో టైమెంతో అడిగి వచ్చింది.

ఆ రోజు రెండు వేలో సంవత్సరం జనవరి ఇరవై నాలుగు, సోమవారం. రాజమండ్రిలో, గోదావరి గట్టుకి దారితీసే సందుల్లో ఒకదాంట్లో వెంకటపతిరాజుగారి ప్రెస్సు. శుభలేఖలూ, కర్మ పత్రికలూ, స్కూళ్ళ ప్రశ్నపత్రాలూ, సినిమాహాలు కరపత్రాలూ యాభై ఏళ్ళుగా అక్కడ అచ్చయ్యాయి. ఇప్పుడు రాజుగారబ్బాయి మెయిన్ రోడ్డులో కంప్యూటర్ సెంటరు పెట్టాడు. శుభలేఖలన్నీ అటే పోతున్నాయి. నెలాఖరుకి ఈ గది ఖాళీ చేయాలి. అక్షరాలు కూర్చే ముగ్గురు కంపోజిటర్లు ఎప్పుడో మానేశారు. మిగిలింది సూరమ్మా, ట్రెడిల్ మిషను తొక్కే భీమరాజూ.

మిగిలిన పని కూడా ఒక్కటే. చిట్టియ్య మాస్టారి పుస్తకం.

పుస్తకమంటే పదహారు పేజీలు. రాజ్యాంగం పూర్తయిన వేళ, పందొమ్మిది వందల నలభై తొమ్మిది నవంబరులో, అంబేద్కర్‌గారు రాజ్యాంగ సభలో చేసిన ఆఖరి ప్రసంగాన్ని మాస్టారు సొంతంగా తెలుగులో రాసుకున్నారు. మొత్తం కాదు, పిల్లలకి అర్థమయ్యేంత మేర. ఎల్లుండి ఇరవై ఆరు. రాజ్యాంగానికి యాభై ఏళ్ళు నిండే రోజు. ఆ పొద్దున్న జెండా ఎగరేశాక, తాను పాతికేళ్ళు పాఠం చెప్పిన స్కూల్లో ప్రతి పిల్లకీ ఒకటి ఇవ్వాలని ఆయన పట్టుదల. పన్నెండు పేజీలు శనివారమే అచ్చయ్యాయి. ఒక్కో ఫారంలో నాలుగు పేజీలు కలిపి అచ్చవుతాయి; ఆఖరి ఫారంలో మూడు పేజీలు బండ మీద సిద్ధంగా ఉన్నాయి. నాలుగోదాంట్లో ఒక్క పేరా మిగిలింది.

ఆ పేరా కోసమే సూరమ్మ పదేళ్ళుగా కాసుకుని ఉంది.

"ఎంతవరకు వచ్చిందక్కా?" అన్నాడు భీమరాజు, మిషనుకి నూనె చుక్కలు వేస్తూ.

"అక్షరాలు చాలేలా లేవురా తమ్ముడూ. శనివారం ఫారాలు విప్పి కేసుల్లో వేశావా?"

భీమరాజు నూనెడబ్బా కింద పెట్టాడు. మనిషి నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంటాడు.

"కేసుల్లో ఎందుకక్కా? ఎలాగూ సీసం కిందే కదా పోయేది. కడిగేసి సంచిలో పోసేశాను. నీకు పని తగ్గుతుందనుకున్నాను."

సూరమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

అచ్చుపనిలో అక్షరాలు ఎప్పుడూ మిగులు ఉండవు. ఒక పేజీ అచ్చయ్యాక దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసుకుంటేనే తర్వాతి పేజీ కూర్చడానికి వీలవుతుంది. ఒకరి పెళ్ళిమాటలు విడగొట్టి మరొకరి చావుమాటలు కూర్చాలి. ఏ మాటా నిలవ ఉండకూడదు. ఈ గదిలో మొట్టమొదట నేర్పే పాఠం అదే. పాతికేళ్ళ అనుభవం ఉన్న భీమరాజు, సాయం చేద్దామనుకుని, పన్నెండు పేజీల అక్షరాల్ని గోనెసంచిలో కలగలిపేశాడు.

"నీ సాయం తగలెయ్య," అంది సూరమ్మ నీరసంగా. అంతకంటే తిట్టే ఓపిక లేకపోయింది. "ఏ సంచో చూపించు."

మూలనున్న సంచి మూతి విప్పి, గచ్చు మీద చాప పరుచుకుని కూర్చుంది. చిన్నా పెద్దా, బండ అక్షరాలూ సన్నక్షరాలూ, అంకెలూ, గీతలూ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వేళ్ళతో తడిమి, పనికొచ్చేవి ఒక్కొక్కటే కొంగులో వేసుకుంటోంది. భీమరాజు కూడా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి, "ఇది తా, అక్కా?" అన్నాడు. "అది కా. తిరగేసి పట్టుకున్నావు," అంది సూరమ్మ.

ఆమె చదువు మొదలైందే ఇలా గచ్చు మీద. తొమ్మిదో ఏట చీపురు పట్టుకుని ఈ గదిలోకి వచ్చింది. కిందపడ్డ అక్షరాల్ని ఊడ్చి, ఏ గడిలో ఉన్నవాటిని పోలి ఉంటే ఆ గడిలో వేసేది. పేర్లు తెలియవు, పోలికలే తెలుసు. ఒకసారి ముచ్చటపడి గుప్పెడు అక్షరాలు పరికిణీ అంచులో ముడేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్న గోదావరిలో వల విసిరి బతికేవాడు. కూతురు తెచ్చింది మంచి సీసమని సంతోషించి, మూకుట్లో కరగబెట్టి వలకి గుళ్ళు పోసుకున్నాడు. ఆ గుళ్ళు నీళ్ళలో మునిగినప్పుడల్లా ఆ పిల్ల గట్టు మీద నిలబడి చూసేది. తర్వాత ఎవరూ చెప్పకుండానే, పేజీలు విప్పుతూ కూరుస్తూ, చదవడం వచ్చేసింది. అయితే అదంతా తిరగేసిన చదువు. మొదటిసారి వార్తాపత్రిక చూసి, అచ్చు తప్పు వేశారనుకుంది. నవ్విన కంపోజిటర్లు ఇప్పుడు ఎవరూ లేరు. హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన ఇప్పటికీ హెల్పరనే ఉంది.

కొంగులో రెండు గుప్పెళ్ళు జమయ్యేసరికి సందులో పెద్ద చప్పుడుతో వ్యాను ఆగింది.

సూరమ్మ గడియారం వంక చూసింది. పన్నెండున్నర.

"ఆయ్, రాజుగారండీ! ఉన్నారాండీ?" అంటూ పల్లంరాజు లోపలికి వచ్చాడు. ఉప్పుగాలికి ఎండిన మొహం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. కాకినాడ అవతల సముద్రపొడ్డున ఊరు అతనిది. వెనక ఇద్దరు కూలీలు ఉన్నారు.

పక్కగదిలోంచి వెంకటపతిరాజుగారు వచ్చారు. తెల్లటి పంచె, చేతిలో కళ్ళజోడు.

"నాలుగన్నావు కదయ్యా?"

"అన్నానండి. చీకటి పడకుండా ఇంటికి చేరమని మాయావిడ గోలండి. వ్యానువాడేమో మధ్యలో ఇంకో బేరం ఉందంటాడండి. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతన్నానండి."

రాజుగారు సూరమ్మ వంక చూశారు. ఆమె కొంగు దగ్గరగా పట్టుకుని లేచి నిలబడింది.

"మాస్టారి పేజీ ఒకటి ఉందండయ్యగారూ. ఒక్క పేరా అండి."

"ఎంతసేపు?"

ఎంతసేపో ఆమెకి తెలియదు. తెలియదంటే వద్దంటారేమో. "గంటండి," అంది.

"సరే. నీ ముందున్న ఆ ఒక్క కేసూ ముట్టుకోవద్దంటాను. మిగతావి వేరే సైజువి, ఎత్తుకోనీ."

కూలీలు కేసులు లాగి సంచుల్లో బోర్లించడం మొదలుపెట్టారు. వాన పడ్డట్టు శబ్దం. ఆ శబ్దానికి సూరమ్మ భుజాలు పైకి ముడుచుకుపోయాయి. తను ఏరుతున్న సంచిని కూడా ఎవడో మూతి కుట్టి తూకానికి పట్టుకుపోయాడు. ఆమె అడ్డు చెబుదామనుకునేలోపు అది వ్యాను అడుగుకి చేరి, దాని మీద ఇంకో నాలుగు పడ్డాయి.

"ఇవన్నీ ఏం చేస్తావు బాబూ?" అని అడిగింది, జవాబు తెలిసి కూడా.

"వలగుళ్ళు పోత్తాం పెద్దమ్మా. మీ అక్షరాలన్నీ సముద్రం అడుక్కి పోతాయి. ఇక మా చేపలు కూడా చదువుకుంటాయి, మాకు దొరక్కుండా ఎలా పోవాలో!" అని పెద్దగా నవ్వాడు. చెడ్డవాడు కాదు. సూరమ్మ కూడా నవ్వబోయింది, పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

తిరిగి స్టిక్కు అందుకుంది. ఎదురుగా మాస్టారి దస్తూరీ, గుండ్రటి అక్షరాలు. ఒక్కో మాటే కూరుస్తోంది. '1950 జనవరి 26న మనం వైరుధ్యాల బతుకులోకి అడుగు పెట్టబోతున్నాం. రాజకీయాల్లో సమానత్వం ఉంటుంది. సాంఘిక జీవితంలో, ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉంటుంది. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకి ఒకే విలువ అంటాం...'

ఆ మాటలు ఆమెకి కొత్తవి కావు.

ఎనభై తొమ్మిదిలో పద్దెనిమిదేళ్ళవాళ్ళకి ఓటు వచ్చింది. ఆ ఏడు ఓటర్ల జాబితాలు అచ్చు వేసే పనిలో కొంత ఈ ప్రెస్సుకి వచ్చింది. సూరమ్మ కూతురు రామతులసికి అప్పటికి సరిగ్గా పద్దెనిమిది నిండాయి. సన్నగా, వెదురు కర్రలా ఉండేది. అదే గదిలో కాగితాలు మడతపెట్టేది. తమ వీధి జాబితా తనే కూరుస్తానని సూరమ్మ అడిగి తీసుకుంది. 'రామతులసి, తం. వీరబాబు, స్త్రీ, 18.' ఆ వరుస పేర్చాక స్టిక్కు కూతురికి చూపించింది. "తిరగేసుందేంటమ్మా, నాకు రావట్లేదు," అంది రామతులసి. "అచ్చయ్యాక చూద్దువుగాని, సరిగ్గానే ఉంటావు," అంది తల్లి.

పోలింగుకి ఆరువారాల ముందు పచ్చకామెర్లతో ఆ పిల్ల పోయింది. దాని తండ్రి వీరబాబు అంతకు మూడేళ్ళ ముందే, ఎనభై ఆరు వరదల్లో, తాడు తెగిన నావ కోసం నదిలోకి దిగి మళ్ళీ రాలేదు. అతను వెళ్ళేటప్పుడు సూరమ్మ పొయ్యి ఊదుతూ ఉంది, తలెత్తి చూడలేదు. అప్పటినుంచి ఎవరు గడప దాటినా, మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూస్తూ నిలబడడం ఆమెకి అలవాటైపోయింది.

పోలింగు రోజు బూతులో కూర్చున్న ఉద్యోగి జాబితా చూస్తూ తల్లీకూతుళ్ళ పేర్లు వరసగా చదివాడు. "రామతులసి రాలేదా?" అన్నాడు. "లేదండి," అంది సూరమ్మ. వేలికి సిరా పూశారు. వరుసలో ఆమె ముందు రాజుగారు, వెనక ఇస్త్రీబండి చిట్టెమ్మ. ముగ్గురికీ ఒకే కాగితం, ఒకే ముద్ర. ఆ మర్నాడు ప్రశ్నపత్రాల కోసం వచ్చిన చిట్టియ్య మాస్టారు, ఆమెని ఏదో ఒకటి మాట్లాడించాలనేమో, "చూశావా సూరమ్మా, నిన్న నీకూ రాజుగారికీ ఒకటే విలువ," అన్నారు.

"మరి మిగతా రోజుల్లోనండీ?" అంది సూరమ్మ. ఎత్తిపొడుపుగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది.

మాస్టారు చేతిలోని ప్రశ్నపత్రాల కట్ట బల్ల మీద పెట్టారు. "అంబేద్కర్‌గారు అడిగింది కూడా ఇదే," అన్నారు. "ఆ ప్రసంగం తెలుగులో రాస్తాను. ఆ పేరా నీ చేతే కూర్పిస్తాను. మాట."

ఆయన రాసేసరికి పదేళ్ళు పట్టింది.

పేరా పూర్తయింది. పూర్తయిందంటే మూడు చోట్ల మినహా. రెండోసారి వచ్చిన 'రాజకీయాల్లో'కి 'రా' లేదు. ఆఖరి వాక్యంలో 'మనం'కి 'మ' లేదు, 'ఎంతకాలం'కి 'ల' లేదు. గడులు తడిమితే చెక్క అడుగు తగిలింది. లేని చోట్ల వేరే అక్షరాలు తిరగేసి నిలబెట్టి, పేజీకి సిరా పూసి ప్రూఫు తీసింది. కాగితం మీద మూడు నల్లటి మచ్చలు పడ్డాయి, పళ్ళూడిన నోరులా.

రాజుగారు ప్రూఫు చూసి కళ్ళజోడు తీశారు.

"ఇది కుదరదు సూరమ్మా. ఈ పేరా తీసేయ్. పైన పేరాతో ఆపేసినా చదువుకోవడానికి బానే ఉంటుంది. మాస్టారికి నేను చెబుతాను."

"పిల్లలకి ఇచ్చేదండి."

"పిల్లలకేం తెలుస్తుంది, ఒక పేరా లేదని?"

"పోనీ మూడక్షరాలే కదండీ," అన్నాడు భీమరాజు. "ఖాళీ వదిలేస్తే పెన్నుతో రాసేద్దాం."

"అయిదు వందల కాపీల్లోనా? నువ్వు రాస్తావా? 'కా'కీ 'తా'కీ నీకు తేడా తెలీదు," అన్నారు రాజుగారు. భీమరాజు మిషను చాటుకి వెళ్ళిపోయాడు.

వ్యాను దగ్గర పల్లంరాజు గోనెలు లెక్కపెట్టి, బయటినుంచే, "అయిపోయిందాండీ?" అని కేకేశాడు.

"అడుగున ఉన్న సంచి ఒక్కటి విప్పించండయ్యగారూ," అంది సూరమ్మ.

రాజుగారు వ్యాను వంక చూశారు, గడియారం వంక చూశారు. "తూకాలన్నీ అయిపోయాయి. ఇప్పుడు దింపమంటే బాగుండదు. చాలించు. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అన్నారు. ఆయన గొంతు మెత్తగానే ఉంది. రామతులసి పోయినప్పుడు ఆయన రేవు దాకా నడిచొచ్చారు. సూరమ్మ అది మరచిపోలేదు. అదీ నిజమే, హాజరు పుస్తకమూ నిజమే. ఆ రెంటినీ ఒక వరుసలో ఎలా కూర్చాలో ఆమెకి ఎన్నడూ తెలియలేదు.

ఆయన లోపలికి వెళ్ళాక, సూరమ్మ అన్నం సంచి కిందనుంచి చిన్న రేకుడబ్బా తీసింది. బండ మీద పెట్టింది. మూత బిగుసుకుపోయి ఉంది.

లోపల ఒక్క వరుస సీసం. చుట్టూ వలదారంతో నాలుగు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. ఆ దారం వీరబాబు వలలో మిగిలినది. ఓటర్ల జాబితా అచ్చయి ఫారాలు విప్పినప్పుడు, వేలాది పేర్లని ఏ అక్షరానికా అక్షరంగా విడగొట్టి గడుల్లో వేసిన సూరమ్మ, ఈ ఒక్క వరుసా విప్పలేదు. దారం కట్టి డబ్బాలో పెట్టుకుంది. ఈ గదిలో అది తప్పు. పదేళ్ళుగా రోజూ ఆ డబ్బా తెస్తూ, రోజూ తీసుకెళుతూ, ఎవరైనా అడుగుతారేమోనని భయపడుతూ వచ్చింది. ఎవరూ అడగలేదు.

ముడి గట్టిపడి ఉంది. గోటితో రాలేదు. పళ్ళతో పట్టుకుని లాగింది. సీసపు రుచి నాలుకకి తగిలింది.

భీమరాజు మిషను పక్కనుంచి చూస్తున్నాడు. ఆ డబ్బాలో ఏముందో అతనికి తెలుసునని సూరమ్మకి అప్పుడే అర్థమైంది.

"అక్కా, వద్దు," అన్నాడు. "తప్పు నాది. నేను మాస్టారి కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వెళ్ళి సిరా కలుపు."

దారం వీడింది. వీడగానే వరుస చెదిరిపోతుందనుకుని భయపడి రెండు చేతులూ అడ్డం పెట్టింది. చెదరలేదు. పదేళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న అక్షరాలు అలాగే నిలబడ్డాయి. మొదటి అక్షరం 'రా'. దాన్ని చిటికెనవేలి గోటితో పైకి లేపింది. తర్వాత 'మ'. 'తు' వదిలేసి 'ల'. బూడిదరంగు పట్టిన మూడింటినీ కిరసనాయిలులో ముంచి బ్రష్షుతో రుద్దింది. మెరిశాయి. తిరగేసి నిలబెట్టిన అక్షరాల్ని తీసేసి, ఆ సందుల్లో ఒక్కొక్కటే దింపింది. ఆఖరిది దిగేటప్పుడు చిన్న చప్పుడైంది. అంతే.

మూడు గంటలకి చిట్టియ్య మాస్టారు రిక్షాలో వచ్చారు. గుమ్మంలోనే ఆయాసం తీర్చుకుని, బెంచీ మీద కూర్చుని, కొత్త ప్రూఫు కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. సూరమ్మ కేసుకి ఆనుకుని నిలబడింది. ఏ మాటైనా తప్పు పట్టి మార్చమంటే మార్చడానికి ఇంక ఏమీ లేదు. మాస్టారు చివరికొచ్చేసరికి పైకి చదివారు, క్లాసులో చదివినట్టు.

"'ఈ వైరుధ్యాల బతుకును మనం ఇంకా ఎంతకాలం బతుకుతాం?'"

ఆఖరి కేసులో అక్షరాల కోసం ఇంకా కాసుకుని ఉన్న పల్లంరాజు, గుమ్మం దగ్గర బీడీ వెలిగించుకోబోతూ ఆగాడు. "ఎవరన్న మాటండీ అది?" అన్నాడు.

"అంబేద్కర్‌గారు."

"ఎప్పుడండీ?"

"యాభై ఏళ్ళయింది."

"నిన్నన్నట్టుందండి," అన్నాడు పల్లంరాజు. బీడీ చెవిమీద పెట్టుకున్నాడు. "నాకో పుస్తకం ఇత్తారాండీ? నాకు రాదనుకోండి. మాయమ్మాయి అశ్విని చదువుద్ది, ఆరో క్లాసు."

"తప్పకుండా ఇస్తాం," అని మాస్టారు సూరమ్మ వంక తిరిగారు. "ఒక్క తప్పు లేదు. ఎలా చేశావు? అక్షరాలు చాలలేదన్నారు రాజుగారు?"

"సరిపోయాయండి," అంది సూరమ్మ.

భీమరాజు పెడలు తొక్కడం మొదలుపెట్టాడు. మిషను నోరు తెరిచి మూస్తోంది. ఒక్కో కాగితం లోపలికి తెల్లగా వెళ్ళి నల్లగా వస్తోంది. సూరమ్మ పక్కన నిలబడి ప్రతి కాగితమూ చూసింది. ఎక్కడైనా ఏదైనా అక్షరం ఊడిపోతుందేమోనని అయిదు వందలు పూర్తయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఏదీ ఊడలేదు.

మడతలూ కుట్టూ ఇంటి దగ్గర చూసుకుంటామని మాస్టారు కట్టలు ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కారు. "ఎల్లుండి స్కూలుకి రా సూరమ్మా. పిల్లలకి నీ చేత్తో ఇప్పిస్తాను," అన్నారు.

"మీరు జాగ్రత్తగా వెళ్ళండి. గాలి తగలకుండా చెవులకి ఆ తువ్వాలు చుట్టుకోండి. మెల్లగా తొక్కమనండి," అంది. రిక్షా మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తిరిగిన తర్వాత కూడా కాసేపు ఉంది.

లోపలికొచ్చి ఫారం విప్పింది. కిరసనాయిలుతో కడిగింది. సిరా పోయి సీసం తెల్లబడింది. ఆ నాలుగు పేజీల్లో ఎన్నో 'రా'లు, ఎన్నో 'మ'లు, ఎన్నో 'ల'లు. కడుగుతున్నప్పుడు చివరి పేజీ జారి మిగతావాటిలో కలిసింది. ఆమె వంగి చూసింది. ఏ 'రా' తన పిల్లదో పోల్చుకోవాలని ఒక్కొక్కటే వేళ్ళతో తడిమింది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే మొహం. ముప్పై తొమ్మిదేళ్ళు చీకట్లో కూడా అక్షరాల్ని గుర్తుపట్టిన వేళ్ళకి అది తెలియలేదు.

"ఏటి వెతుకుతున్నావు పెద్దమ్మా?" అన్నాడు పల్లంరాజు, ఆఖరి సంచి మూతి పట్టుకుని. "గుర్తుగా కావాలంటే గుప్పెడు ఉంచుకో. తూకంలో నేను చూసుకుంటాను."

సూరమ్మ అరచేతిలో ఒక 'రా'ని పెట్టుకుని కాసేపు చూసింది.

"ఏది తీసుకున్నా ఒకటేలే బాబూ," అంది.

ఆ 'రా'ని సంచిలో వేసింది. ఫారంలో అక్షరాలన్నీ వేసింది. తర్వాత రేకుడబ్బాలో మిగిలిన 'తు'నీ, 'సి'నీ, తండ్రి పేరునీ, ఒకటీ ఎనిమిదీ అంకెల్నీ ఒక్కొక్కటే తీసి వేసింది. పదేళ్ళ కిందట విప్పాల్సిన వరుస ఆ రోజుకి విప్పడం పూర్తయింది. పల్లంరాజు మూతి కుట్టి సంచి భుజానికెత్తుకున్నాడు. వ్యాను సందు దాటి గట్టు రోడ్డు ఎక్కి తూర్పుకి తిరిగింది. దాన్ని కూడా ఆమె మలుపు దాకా చూసింది.

రాజుగారు తాళంచెవి తిప్పుకుంటూ వచ్చారు. "నెలాఖరుకొకసారి కనబడు సూరమ్మా," అన్నారు. హాజరు పుస్తకం చంకలో సర్దుకున్నారు.

"ఒక్కటి అడగనాండి?" అంది సూరమ్మ.

"అడుగు."

"ఆ పుస్తకంలో నా పేరు పక్కన కంపోజిటరని రాయండి. ఇవాళ్టి తేదీకైనా."

రాజుగారు ఆమె వంక చూశారు. ముప్పై తొమ్మిదేళ్ళలో తనకంటూ ఆమె అడిగిన మొదటి సంగతి అది. గుమ్మంలోనే నిలబడి, పుస్తకం తెరిచి, గోడకి ఆనించి రాశారు. రాసింది ఆమెకి చూపించారు. సూరమ్మ చదివింది. తలూపింది. అన్నం సంచి తీసుకుని మెట్లు దిగింది. ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూసింది భీమరాజే, మలుపు తిరిగేదాకా.

తాళం వేసిన గదిలో, ఖాళీ బండ మీద వలదారం ఒకటి ఉండిపోయింది, ఇంకా నాలుగు మూలలూ అలాగే పట్టుకుని, మధ్యలో ఒక వరుస పట్టేంత చోటు వదిలి.